పస్కా పండుగలో ఒకరు అన్నం తింటారు, ఇంకొకరు ముట్టరు: ఇద్దరు యూదుల్లో ఎవరిది సరైన పద్ధతి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. న్యూజెర్సీలో మీ టీమ్‌లో ఇద్దరు యూదు సహోద్యోగులున్నారు, ఇద్దరూ నియమం తప్పనివాళ్ళే. ఒకాయన పూర్వీకులు బాగ్దాద్ నుంచి వచ్చినవాళ్ళు, పస్కా (పాసోవర్) రోజుల్లో మా ఇంట్లో అన్నం లేకుండా పండుగే లేదంటాడు. ఇంకొకావిడది పోలండ్ మూలాలున్న కుటుంబం, ఆ ఎనిమిది రోజులూ బియ్యపు గింజ కూడా నోట్లో పెట్టదు. వీళ్ళలో ఎవరిది శాస్త్రం ప్రకారం సరైనది, పోప్ లాంటి పెద్ద ఎవరూ లేరా ఈ సంగతి తేల్చడానికి, ఇద్దరికీ కలిపి పులిహోర చేసి తీసుకెళ్తే బాగుంటుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇద్దరూ సరిగ్గానే ఉన్నారు. పులిహోర మాత్రం ఇద్దరికీ తీసుకెళ్ళకండి, అన్నం తినే ఆయనకి కూడా వద్దు. మొదటిదానికి కారణం పదిహేను వందల ఏళ్ళకి పైబడిన చర్చలో ఉంది. రెండోదానికి కారణం మీ పోపుల డబ్బాలో ఉంది.

నేను యూదుని కాదు. గుంటూరు జిల్లాలో మసాలా దినుసులు ఎగుమతి చేసే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో చాలాకాలం చేశాను. కోషర్ (యూదు ఆహార నియమాలకి సరిపోతుందన్న) సర్టిఫికెట్ కోసం తనిఖీకి వచ్చే రబ్బీల, అంటే యూదు మత పండితుల వెంట గోడౌన్ నుంచి బాయిలర్ గది దాకా తిరగడం నా పని. వాళ్ళు అడిగే ప్రశ్నలు మొదట్లో వింతగా ఉండేవి, తర్వాత వాటి వెనక ఏముందో తెలుసుకోవాలనిపించి అనువాదాలు పట్టుకుని చదవడం మొదలుపెట్టాను, అమెరికా వచ్చాక ఒక రబ్బీ దగ్గర కూర్చుని తాల్ముద్‌లో, అంటే పాత రబ్బీల ధర్మచర్చల గ్రంథంలో, పస్కా భాగం వరసగా చదివాను. కాబట్టి నేను చెప్పేది చదివినదీ, చూసినదీ. మీ సహోద్యోగుల ఇంటి విషయంలో ఆఖరి మాట వాళ్ళ రబ్బీదే.

ముందు అసలు నిషేధం దేనిమీదో చూద్దాం. బైబిల్‌లో నిర్గమకాండం 12, 13 అధ్యాయాలు చదివినవాళ్ళకి తెలిసే ఉంటుంది, పస్కా రోజుల్లో పులిసిన పిండి తినకూడదు, ఇంట్లో కనబడనే కూడదు. దాన్ని హమేత్స్ అంటారు. అయితే ఏ ధాన్యం పిండి అనేది అక్కడ లేదు. ఆ పని మిష్నా చేసింది. మిష్నా అంటే సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో గలిలయలో రబ్బీ యెహూదా హనాసీ కూర్చిన సంకలనం, అప్పటిదాకా నోటితో నేర్పుకుంటూ వచ్చిన ధర్మమంతా అందులోకి ఎక్కింది. పులియని రొట్టె, అంటే మత్సా చేయడానికి పనికొచ్చేవి ఐదు ధాన్యాలని అది చెప్తుంది: గోధుమ, బార్లీ, స్పెల్ట్, రై, ఓట్స్. పులిసే గుణం ఉన్న ధాన్యంతోనే మత్సా చేయాలి కనక, హమేత్స్ అయ్యేవి కూడా ఈ ఐదే. వీటి పిండికి నీళ్ళు తగిలాక కలపకుండా, కాల్చకుండా 18 నిమిషాలు వదిలేస్తే అది హమేత్స్ అయిపోయినట్టే లెక్క. మత్సా బట్టీల్లో గడియారం పెట్టుకుని పరుగులు తీస్తూ పనిచేసేది అందుకే.

ఇక్కడ బియ్యం లేదు చూడండి. మరి ఎవరికీ అనుమానం రాలేదా అంటే వచ్చింది. యోహానాన్ బెన్ నూరి అనే రబ్బీ బియ్యం కూడా ధాన్యమే, అదీ హమేత్స్ అవుతుంది అన్నాడు. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళ వాదన నాకు ఫుడ్ టెక్నాలజీ చదివినవాడిగా చాలా నచ్చుతుంది: గోధుమ పిండిని నానబెడితే పులుస్తుంది, బియ్యం, చిరుధాన్యాల పిండిని నానబెడితే అది పాడవుతుందే తప్ప పులవదు అన్నారు, ఆ రెండూ వేర్వేరు మార్పులని గీత గీశారు. తర్వాత బబులోనులో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, మూడో శతాబ్దంలో సూరా విద్యాపీఠాన్ని నడిపిన రావ్ హూనాని అడిగారట, పస్కా రాత్రి సేదెర్ భోజనంలో పెట్టాల్సిన రెండు వండిన పదార్థాలు ఏవి అని. ఆయన బీట్ కూర, అన్నం అన్నాడు. తర్వాతి తరాల్లో రావా అనే మహాపండితుడు, రావ్ హూనా నోటి నుంచి వచ్చిన మాట కదా అని పనిగట్టుకుని ఆ రెండే తెప్పించుకునేవాడు. ఇంకాస్త తర్వాత రావ్ అషీ ఇదంతా చూసి, దీన్నిబట్టి యోహానాన్ బెన్ నూరి మాటని ఎవరూ పట్టించుకోవడం లేదని తేలింది కదా అన్నాడు. ఇది తాల్ముద్‌లోనే ఉంది. మీ బాగ్దాద్ సహోద్యోగి అన్నం తినడం కొత్తగా తెచ్చుకున్న సడలింపు కాదు, ఆ వాదన జరిగిన నేల మీదే వాళ్ళ వాళ్ళు శతాబ్దాలుగా ఉన్నారు, రావ్ హూనా చెప్పినదాన్నే తింటున్నారు.

పన్నెండో శతాబ్దంలో మైమోనిడీస్ వచ్చాడు. స్పెయిన్‌లోని కోర్దోబాలో పుట్టి, ఈజిప్టులో వైద్యుడిగా బతికి, 1204లో పోయిన ఈయన యూదు ధర్మం మొత్తాన్ని మిష్నే తోరా పేరుతో 14 భాగాల్లో సర్దాడు. అందులో బియ్యం గురించి ఒక వాక్యం ఉంది, మన తెలుగువాళ్ళం చదివితే ఆగిపోతాం. బియ్యప్పిండిని వేడినీళ్ళతో కలిపి, గుడ్డలు కప్పి, పులిసిన పిండిలా పొంగేదాకా ఉంచినా సరే పస్కాలో తినొచ్చు, అది పులియడం కాదు, పాడవడం అంటాడు. అంటే రాత్రంతా గిన్నెలో పొంగిన ఇడ్లీ పిండి మైమోనిడీస్ లెక్కలో హమేత్స్ కాదు! ఇది నేను ఒక తనిఖీ రబ్బీని అడిగాను కూడా, మధ్యాహ్నం క్యాంటీన్ బయట నిలబడి. ఆయన ఇడ్లీ పిండిలో ఏమేం వేస్తారో ఒక్కొక్కటే చెప్పించుకుని, బియ్యం, మినప్పప్పు, మెంతులు, ఉప్పు, ఇంతేనా, ఇంకేమీ లేదు కదా అని రెండుసార్లు అడిగి, ధర్మం ప్రకారం హమేత్స్ కాదు, కానీ నేను అష్కెనాజీని, నేను తినను అన్నాడు.

ఆ చివరి ముక్కలోనే మీ ప్రశ్నకి సగం జవాబుంది. అష్కెనాజీలంటే జర్మనీ, ఉత్తర ఫ్రాన్స్ నుంచి పోలండ్, రష్యా వైపు పాకిన యూదులు. సెఫార్దీలంటే స్పెయిన్, పోర్చుగల్ నుంచి వెళ్ళగొట్టబడి ఉత్తర ఆఫ్రికా, టర్కీ వైపు చెదిరినవాళ్ళు, ఇరాక్, పర్షియా యూదుల్ని కూడా ఆచారాల విషయంలో ఎక్కువగా వీళ్ళతోనే కలిపి చెప్తుంటారు. పదమూడో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఒక ఆచారం గ్రంథాల్లో కనబడడం మొదలవుతుంది. పస్కాలో బియ్యం, పప్పులు, చిక్కుళ్ళు, ఆవాలు లాంటివి కూడా తినకూడదని. వీటన్నిటినీ కలిపి కిట్నియోత్ అంటారు. కోర్బెయ్ ఊరి రబ్బీ ఇత్స్‌హాక్ (1280లో పోయాడు) దీన్ని సమర్థిస్తూ రాశాడు. ఆ తరంలోనే పారిస్‌లో పెద్ద పండితుడు రబ్బీ యెహియేల్ పస్కా రోజుల్లో తెల్ల చిక్కుడు గింజలు మామూలుగా తినేవాడు. ఇత్స్‌హాక్ ఆయనకి స్వయానా అల్లుడు. ఒకే ఇంట్లో మామ తింటున్నాడు, అల్లుడు వద్దంటున్నాడు, ఇద్దరి మాటా గ్రంథాలకెక్కింది.

ఎందుకు వద్దన్నారంటే, ఇది హమేత్స్ అని ఎవరూ అనలేదు. గోధుమలు పండే పొలాల పక్కనే ఇవీ పండుతాయి, ఒకే బస్తాల్లో పోస్తారు, గింజలు కలిసిపోతాయి. గోధుమ పిండితో చేసినట్టే శనగపిండితోనూ జావ, రొట్టె చేస్తారు, పక్కింటావిడ చూసి పిండి వంటకం ఏదైనా ఫరవాలేదు కాబోలు అనుకుంటుంది. ఇలాంటి ముందుజాగ్రత్త కారణాలు. గోడౌన్‌లో పనిచేసిన నాకు బస్తాల కారణం ఏమాత్రం అతిగా అనిపించదు. శనగల లాట్‌లో గోధుమ గింజలు, ధనియాల్లో యవల (బార్లీ) గింజలు దొరకడం నేను కళ్ళారా చూసిన సంగతి. అన్నం తినే సెఫార్దీ ఇళ్ళల్లో కూడా పండుగ ముందు బియ్యాన్ని తెల్ల గుడ్డ మీద పోసి, గింజ గింజా జరుపుతూ మూడుసార్లు ఏరతారు. మా అమ్మమ్మ చేటలో బియ్యం ఏరే శ్రద్ధ కన్నా ఇంకా ఎక్కువ అది, ఎందుకంటే వాళ్ళు వెతికేది రాయి కాదు, ఒక్క గోధుమ గింజ.

ఈ ఆచారం పుట్టిన దగ్గర్నుంచీ గొడవే. స్పెయిన్‌లో యాకోవ్ బెన్ అషేర్ (పద్నాలుగో శతాబ్దం) ఇది అనవసరమైన అతి, మా దగ్గర ఇలా పాటించరు అని తేల్చి రాశాడు. ఇక పదహారో శతాబ్దానికి వద్దాం, ఎందుకంటే మీ ఇద్దరు సహోద్యోగుల మధ్య ఉన్న గీత అచ్చులో పడింది అప్పుడే.

యోసేఫ్ కారో 1488లో స్పెయిన్‌లో పుట్టాడు. 1492లో యూదుల్ని వెళ్ళగొట్టినప్పుడు పసివాడు. ఒట్టోమన్ రాజ్యంలో ఊళ్ళు మారుతూ చివరికి గలిలయ కొండల్లోని సఫేద్ చేరాడు. ఊరూరా చెదిరిన జనం, ఎవరి పద్ధతి వాళ్ళది, ఏది పాటించాలో తెలియని అయోమయం, దీన్ని చక్కబెట్టాలని ముందు ఇరవయ్యేళ్ళు పట్టిన ఒక మహా వ్యాఖ్యానం రాసి, దాని సారాంశంగా షుల్ఖాన్ అరూఖ్ అనే సంగ్రహ గ్రంథం తయారుచేశాడు. 1565లో వెనిస్‌లో అచ్చయింది. ఆయన పద్ధతి చాలా నిక్కచ్చిగా ఉంటుంది: ముగ్గురు పూర్వ పండితుల్ని (ఇత్స్‌హాక్ అల్ఫాసీ, మైమోనిడీస్, అషేర్ బెన్ యెహియేల్) ప్రమాణంగా పెట్టుకుని, ముగ్గురిలో ఇద్దరు ఎటుంటే అటు. బియ్యం విషయంలో ఆయన తీర్పు స్పష్టం, తినొచ్చు.

అదే కాలంలో పోలండ్‌లోని క్రాకోవ్‌లో మోషే ఇస్సెర్లెస్ ఉన్నాడు, రెమా అంటారు. కారో గ్రంథం చూసి మెచ్చుకున్నాడు, కానీ అందులో అష్కెనాజీల ఆచారాలకి చోటే లేదని గమనించాడు. ఇంకొకరైతే పోటీ గ్రంథం రాసేవారు. ఈయన కారో వాక్యాల మధ్యనే తన గమనికలు చేర్చాడు. బియ్యం గురించి కారో తినొచ్చు అన్నచోట, కొందరు నిషేధిస్తారు, అష్కెనాజ్‌లో ఆచారం కఠినంగా ఉండడమే, దాన్ని మార్చకూడదు అని రాశాడు. వెంటనే ఇంకో మాట కూడా: పొరపాటున కూరలో కిట్నియోత్ పడితే కూర పాడవదు, ఇంట్లో ఉంచుకున్నా తప్పు లేదు. తర్వాత నుంచి ఇద్దరి మాటలూ ఒకే పేజీలో అచ్చవుతూ వస్తున్నాయి. నాకు ఈ మొత్తం సంప్రదాయంలో అన్నిటికన్నా ఎక్కువ గౌరవం కలిగించేది ఆ పేజీయే. ఒక పేరా, అందులో రెండు తీర్పులు, రెండూ చెల్లుతాయి. మీ సహోద్యోగులిద్దరూ ఒకే గ్రంథం, ఒకే పేరా పాటిస్తున్నారు, ఆయన పై వాక్యం, ఆవిడ కింద వాక్యం.

తేల్చే పోప్ లేరా అన్నారు కదా, లేరు. జెరూసలేంలో పెద్ద న్యాయసభ ఉన్న కాలంలో ఉండేది, అది పోయాక అందర్నీ కట్టేసే అధికారం ఎవరికీ లేదు. వాదన రాసి పెట్టాలి, దాన్ని మిగతా పండితులు ఒప్పుకోవాలి, జనం పాటించాలి, అప్పుడే అది నిలబడుతుంది. ఓడిపోయిన వాదనని కూడా చెరిపెయ్యరు. భవిష్యత్తులో ఇంకో న్యాయసభకి అది ఆధారంగా పనికిరావచ్చు, అందుకే ఒక్కడి మాటైనా నమోదు చేస్తామని మిష్నాలోనే ఉంది. మొదటి శతాబ్దంలో హిల్లేల్, షమ్మయి అనే ఇద్దరు పండితుల శిష్యుల మధ్య పెళ్ళిళ్ళ నియమాల్లో కూడా తేడాలుండేవి, ఒకరి లెక్కలో చెల్లే సంబంధం ఇంకొకరి లెక్కలో చెల్లదు. అయినా రెండు వర్గాలూ ఒకరింటి పిల్లని ఒకరు చేసుకోవడం మానలేదని మిష్నా చెప్తుంది. అదెలా సాధ్యం అని తాల్ముద్ ఆరా తీసి, అభ్యంతరం ఉండే సంబంధమైతే అవతలివాళ్ళకి ముందే చెప్పేవాళ్ళు అంటుంది. అంటే నా లెక్కలో తప్పు కాకపోయినా, నీ లెక్కలో తప్పని నాకు తెలుసు కాబట్టి నిన్ను అందులో పడనివ్వను. ఈరోజుకీ అన్నం తినే ఇంటికి అన్నం తినని చుట్టం భోజనానికొస్తే జరిగేది ఇదే. ఆ గిన్నెల్లో వండిన కూర తినడానికి వాళ్ళకి అభ్యంతరం లేదు, అన్నం గిన్నె ఏదో చెప్పి పక్కన పెడతారు.

మరి రబ్బీలు ఈ కిట్నియోత్ ఆచారాన్ని తీసెయ్యొచ్చు కదా అంటే, ప్రయత్నాలు జరిగాయి. పద్దెనిమిదో శతాబ్దంలో జర్మనీలో యాకోవ్ ఎమ్డెన్ ఈ ఆచారం మీద గట్టిగా రాశాడు, తన తండ్రి కూడా దీన్ని తీసెయ్యగలిగితే బాగుండునని బాధపడేవాడని చెప్పాడు. పప్పులు, బియ్యం లేకపోతే పేదవాళ్ళు కడుపు నింపుకోవడానికి ఎక్కువ మత్సా కాల్చాల్సి వస్తుంది, హడావుడిలో అదే పులిసి అసలు నిషేధమే తప్పే ప్రమాదం ఉందన్నది ఆయన వాదన. మంచి వాదన. అయినా ఆచారం కదల్లేదు. అమెరికాలో కన్సర్వేటివ్ శాఖ 2015లో అష్కెనాజీలు కూడా కిట్నియోత్ తినొచ్చని తీర్మానించింది. ఆర్థడాక్స్ వాళ్ళు, అంటే పాత నియమాలు గట్టిగా పట్టుకునే శాఖవాళ్ళు, దాన్ని పట్టించుకోరు. మీ సహోద్యోగిని ఆర్థడాక్స్ అయితే ఈ తీర్మానం గురించి ఆవిడ దగ్గర ఎత్తకండి, పండుగ పూట ఆవిడ నిష్ఠకి వంక పెట్టినట్టుంటుంది.

అటువైపు సెఫార్దీల్లో రబ్బీ ఓవాదియా యోసెఫ్ గురించి తెలుసుకోవాలి. 1920లో బాగ్దాద్‌లో పుట్టాడు, 1973 నుంచి 1983 దాకా ఇజ్రాయెల్‌కి సెఫార్దీ ప్రధాన రబ్బీగా ఉన్నాడు, 2013లో పోయాడు. సెఫార్దీలు అష్కెనాజీల కఠిన నియమాలు చూసి తమ పద్ధతి వదులుకోనక్కర్లేదు, యోసేఫ్ కారో చెప్పినట్టు నడవండి అని జీవితమంతా పోరాడాడు. అలాగని సెఫార్దీలంతా ఒకటే అనుకోకండి, మొరాకో నుంచి వచ్చిన చాలా కుటుంబాలు పస్కాలో అన్నం తినవు. పెళ్ళయ్యాక సాధారణంగా భార్య భర్త ఇంటి ఆచారానికి మారుతుంది, కాబట్టి పోలండ్ ఇంటి అమ్మాయి బాగ్దాద్ ఇంటికి కోడలిగా వెళ్తే పస్కాలో అన్నం వండుకుని తినొచ్చు.

కొత్త పదార్థాల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వేరుశనగ ఫ్రాన్స్‌లో ఆ ఆచారం పుట్టినప్పుడు యూరప్‌లో లేనే లేదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. దాని మీద ప్రశ్న రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ దగ్గరికి వచ్చింది. ఈయన 1930ల్లో సోవియట్ రాజ్యం నుంచి న్యూయార్క్ వచ్చి 1986లో పోయేదాకా అమెరికా ఆర్థడాక్స్ యూదులకి అతిపెద్ద దిక్కు. ఆయనన్నదేమిటంటే, ఇది నిషేధం కాదు, ఆచారం, ఆచారం ఏ వస్తువుల మీద పడిందో వాటికే వర్తిస్తుంది, పోలిక చూసి కొత్తవాటికి సాగదీయకూడదు, కాబట్టి వేరుశనగ తినకూడదన్న అలవాటు ఎక్కడ లేదో అక్కడ తినొచ్చు. అయినా ఇప్పటికీ చాలా అష్కెనాజీ ఇళ్ళల్లో పల్లీలు పెట్టరు.

ఇలాంటి తీర్పు ఎంత దగ్గరగా చూసి ఇస్తారో చెప్పడానికి కోకాకోలా కథ చాలు. 1935లో అట్లాంటాలో రబ్బీ టోబియాస్ గెఫెన్‌కి ఊరూరి నుంచి ఉత్తరాలు, కోక్ తాగొచ్చా, పస్కాలో తాగొచ్చా అని. కంపెనీ రహస్యం బయటపెట్టనని మాటిచ్చాక ఆయనకి పదార్థాల జాబితా చూపించారు. రెండు చోట్ల ఆయనకి చిక్కు కనిపించింది: జంతువుల కొవ్వు నుంచి తీసిన గ్లిసరిన్, ధాన్యం నుంచి తీసిన ఆల్కహాల్. కంపెనీ మొదటిదాన్ని వృక్షసంబంధమైన దానితో, రెండోదాన్ని పస్కా కోసం చక్కెర మూలంగా చేసిన దానితో మార్చింది. తర్వాతెప్పుడో మొక్కజొన్న సిరప్ వాడకం మొదలైంది, మొక్కజొన్న కిట్నియోత్, దాంతో ఇప్పుడు పండుగ ముందు మీ ఊరి సూపర్‌మార్కెట్‌లో పసుపు మూతలతో, చక్కెరతో చేసిన కోక్ సీసాలు కనబడతాయి.

సరే, పులిహోర. ఒక్కొక్కటీ చూడండి. బియ్యం, ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఈ నాలుగూ కిట్నియోత్. పల్లీలు, పల్లీనూనె అనుమానం. చింతపండు, పచ్చిమిర్చి, కరివేపాకు తమంతట తాము ఏ గొడవా లేనివి, కాకపోతే ఆకుల్లో పురుగులేమైనా ఉన్నాయా అని చూడాలి, పురుగు తినడం వాళ్ళకి ఏడాదంతా నిషేధమే. పసుపు పొడి ఏ మిల్లులో ఆడించారో తెలియాలి. ఇక్కడిదాకా చూస్తే బాగ్దాద్ ఆయన తినెయ్యొచ్చనిపిస్తుంది.

ఇంగువ దగ్గర కథ మారిపోతుంది. మనం కొనే డబ్బా ఇంగువ శుద్ధ ఇంగువ కాదు, జిగురు ముద్దలా ఉండే అసలు ఇంగువకి మైదానో గోధుమ పిండో, తుమ్మజిగురో కలిపి పొడి చేస్తారు. డబ్బా వెనక చదవండి, చిన్న అక్షరాల్లో ఉంటుంది. గోధుమ అంటే ఆచారం కాదు, తోరా (బైబిల్ మొదటి ఐదు గ్రంథాలు) నిషేధించిన అసలు హమేత్స్ వైపు వెళ్ళాం. మిగతా రోజుల్లో వంటలో అరవయ్యో వంతు కన్నా తక్కువ కలిసిన నిషిద్ధ వస్తువుని లెక్కలోకి తీసుకోని సందర్భాలున్నాయి, పస్కా రోజుల్లో హమేత్స్‌కి ఆ వెసులుబాటు ఉండదు, రవ్వంత అయినా అంతే. మా ఫ్యాక్టరీలో ఇంగువ పక్క షెడ్‌లో తయారయ్యేది. తనిఖీకి వచ్చిన ఒక రబ్బీ మిరప పొడి సర్టిఫికెట్ కోసం వచ్చి, ఇంగువ షెడ్ నుంచి కార్మికులు చెప్పులు మార్చకుండా ఇటు వస్తున్నారా అని అడిగాడు. అడగడమే కాదు, తలుపు దగ్గర నేల మీద వేలితో రాసి పిండి అంటుతోందేమో చూశాడు. గ్లూటెన్ పడని రోగుల కోసం మేము పాటించే అలర్జీ నిబంధనలకి అది అక్షరాలా సరిపోయే ప్రశ్న, అప్పట్నుంచి ఆ తలుపు దగ్గర కొత్త పద్ధతి పెట్టాం.

ఇంగువ మానేస్తే? అయినా వద్దు. మీ గిన్నెలో, గరిటెలో ఏడాదంతా చపాతీలు, ఉప్మా, మాంసం, పెరుగు అన్నీ నడిచాయి. వేడి పదార్థం రుచి గిన్నె గోడల్లోకి పోయి మళ్ళీ ఇంకో వంటలోకి దిగుతుందన్నది వాళ్ళ సూత్రం. ఫ్యాక్టరీల్లోనైతే యంత్రాన్ని 24 గంటలు వాడకుండా ఉంచి, మరిగే నీళ్ళు పట్టించి శుద్ధి చేయిస్తారు. పైగా ఇంకో నియమం ఉంది. పచ్చిగా తినలేనిదీ, విందులో పెట్టదగినదీ అయిన వంటకాన్ని యూదు కానివాళ్ళు పూర్తిగా తామే వండితే పాటింపు ఉన్న యూదులు తినరు, అన్నం మామూలుగా ఆ కోవలోకే వస్తుంది. ఇక్కడ ఇద్దరి మధ్య తేడా తిరగబడుతుంది. రెమా మాట ప్రకారం నడిచే పోలండ్ ఆవిడకి, యూదులెవరైనా పొయ్యి వెలిగిస్తే చాలు, మిగతా వంటంతా మీరు చేసినా ఫరవాలేదు. కారో మాట ప్రకారం నడిచే బాగ్దాద్ ఆయనకి అది చాలదు, గిన్నెని పొయ్యి మీద పెట్టడం కూడా యూదులే చేయాలి. బియ్యం దగ్గర ఉదారంగా కనబడిన ఆయనే ఇక్కడ కఠినం. అందుకే ఫలానావాళ్ళు సుళువు, ఫలానావాళ్ళు కఠినం అని ముద్ర వేసుకోకండి, ఒక్కో నియమంలో ఒక్కోలా ఉంటుంది.

మరి ఏం తీసుకెళ్ళాలంటే కోయని పళ్ళు, ఎక్కడా ఇబ్బంది రాదు. లేదా ప్యాకెట్ మీద పస్కాకి పనికొస్తుందన్న ముద్ర ఉన్న వస్తువు, ఓయూ గుర్తు (కోషర్ సర్టిఫికెట్ ఇచ్చే ఆర్థడాక్స్ యూనియన్ ముద్ర) పక్కన పీ అక్షరం ఉంటుంది, సీలు తియ్యకుండా ఇవ్వండి. మామూలు కోషర్ గుర్తు ఉంటే సరిపోదు, అది మిగతా ఏడాదికి. వైన్ కొనాలనిపిస్తే ముందు అడగండి. సేదెర్ భోజనానికి పిలిస్తే, సీసా తీసి మీరే అందరికీ పొయ్యకండి, యూదు కానివాళ్ళు పోసిన వైన్‌కి సంబంధించి వాళ్ళకి నియమాలున్నాయి, ముందే మరిగించిన రకమైతే తప్ప. ఆర్థడాక్స్ ఇంట్లో ఆ రాత్రి ఫోటోలు తియ్యొద్దు, బాత్రూమ్ లైటు వెలుగుతుంటే అలవాటుకొద్దీ ఆర్పెయ్యొద్దు, మళ్ళీ వేసుకునే వీలు వాళ్ళకి ఉండదు. అసలు పిలవకపోయినా నొచ్చుకోకండి. పండుగ రోజు యూదు కాని అతిథి కోసం అదనంగా వండాల్సి వస్తుందేమో అన్న కారణంతో కొందరు పిలవరు, అదీ షుల్ఖాన్ అరూఖ్‌లో ఉన్న నియమమే.

మీరు అడగలేదు కానీ ఎదురయ్యే అవకాశం ఉన్నది ఇంకొకటి. పస్కాకి ముందు ఇంట్లో హమేత్స్ ఉండకూడదు కదా, విస్కీ సీసాలు, పిండి బస్తాలు పారెయ్యలేనివాళ్ళు వాటిని యూదు కాని మనిషికి అమ్ముతారు, ఊళ్ళో అందరి తరఫునా రబ్బీ అమ్ముతాడు. ఒక ఏడాది ఇక్కడ అమెరికాలో మా ఊరి రబ్బీ నన్ను కొనుగోలుదారుగా రమ్మన్నాడు. బల్ల మీద కుటుంబాల పేర్లు, ఎవరింట్లో ఏ అలమార అని రాసిన జాబితా, ఒప్పంద పత్రం. నేను కొంత బయానా ఇచ్చాను, సంతకం చేశాను, ఆయన ఒక కలం నా చేతికిచ్చి ఎత్తమన్నాడు, చెయ్యి కలిపాడు, తాళంచెవులు అప్పగించాడు. ఒక్క పద్ధతితో చెల్లదేమో అన్న అనుమానం లేకుండా ఆస్తి చేతులు మారే పద్ధతులన్నీ వరసగా చేయిస్తారు. ఇది నాటకం కాదని ఆయన నన్ను పదేపదే హెచ్చరించాడు: ఈ ఎనిమిది రోజుల్లో నువ్వు ఆ ఇళ్ళకి వెళ్ళి నీ సీసా నువ్వు తెచ్చుకోవచ్చు, మిగతా డబ్బు కట్టేస్తే అన్నీ నీవే, ఎవరూ అడ్డు చెప్పలేరు. నేను కట్టలేదు, పండుగ అయిన రాత్రి ఆయన బయానా తిరిగిచ్చి మళ్ళీ కొనుక్కున్నాడు. మిమ్మల్ని ఎవరైనా ఇలా అడిగితే ఒప్పుకోండి, కానీ నవ్వులాటగా తీసుకోకండి, మీరు నిజంగా కొంటున్నానని అనుకోకపోతే వాళ్ళ పండుగకే ఇబ్బంది.

ఇంకో విషయం, యూదులంటే అమెరికాలోనో ఇజ్రాయెల్‌లోనో అనుకుంటాం గానీ మన గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం ఉంది, వాళ్ళకో సినగాగ్ కూడా ఉంది. కలిసినప్పుడు మీ సహోద్యోగులకి ఈ సంగతి చెప్పండి, ఇద్దరూ బోలెడు ప్రశ్నలు వేస్తారు.

పులిహోర తినిపించాలన్న మీ కోరిక మాత్రం వదులుకోనక్కర్లేదు. పండుగ అయిపోయాక ఒక ఆదివారం ఇద్దరిలో ఒకరి ఇంట్లోనే, వాళ్ళ గిన్నెల్లో వండుతానని అడగండి. స్టవ్ వాళ్ళనే వెలిగించమనండి, బియ్యం గిన్నె కూడా వాళ్ళ చేతే పొయ్యి మీద పెట్టించండి, అప్పుడు ఇద్దరికీ సరిపోతుంది. పప్పులు, ఆవాలు, పసుపు కోషర్ గుర్తున్న ప్యాకెట్లు సీలుతో తీసుకెళ్ళండి, భారతీయ బ్రాండ్లలో కొన్నిటికి ఆ గుర్తు ఉంటుంది. కరివేపాకు వాళ్ళ ముందే కడిగి వెలుతురులో రెండువైపులా చూడండి. ఇంగువకి గుర్తు దొరక్కపోతే వెయ్యకండి.